మీ అబ్బాయికి బద్ధకం కాదు, ఆ పనిలో పట్టుకోవడానికి ఏమీ లేదు

ప్రశ్న: "మేడమ్, నేను ఖమ్మం జిల్లాలో కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. లైన్‌మన్‌గా చేరి 27 ఏళ్లయింది, ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. మా అబ్బాయి ఈసీఈ చదివాడు. క్యాంపస్‌లోనే పెద్ద ఐటీ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఏడాదికి 3.6 లక్షలు. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. ఇప్పుడు ఎప్పుడు చూసినా చిరాకే. ఊరికే లీవులు పెడుతున్నాడు, ఈసారి రేటింగ్ కూడా తగ్గిందట. బాలానగర్‌లో వ్యవసాయ మోటార్లకు స్టార్టర్లు, ప్యానెళ్లు తయారుచేసే చిన్న కంపెనీలో నెలకు 22 వేలకు చేరతానంటున్నాడు. పేరున్న కంపెనీ వదిలేసి షెడ్డులోకి పోతే నలుగురికి ఏం చెప్పుకోవాలి? 1.8 లక్షలు కట్టి ఏఐ కోర్సులో చేర్పిద్దామని నా ఆలోచన. 27 ఏళ్లలో నాకు ఒక్కరోజు కూడా పని విసుగనిపించలేదు. 2024లో మున్నేరు పొంగినప్పుడు మూడు రోజులు ఇంటి మొహం చూడలేదు. వీడికేమో ఏసీ గదిలో కూర్చుని చేయడానికి బద్ధకం. ఉన్న ఉద్యోగం, బాలానగర్, ఏఐ కోర్సు, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి."

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఊరు మారుతుంది, కంపెనీ మారుతుంది, "బద్ధకం" అన్న మాట మాత్రం మారదు. మూడింటినీ పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ మనసులో ఉన్న భయం అది కాదు. పిల్లాడు చేతికి రాకుండా పోతున్నాడేమో, పెంపకంలో ఎక్కడ తేడా వచ్చిందో అని మీ టెన్షన్. ముందు ఆ సంగతి చెబుతాను. మీ పెంపకంలో తేడా ఏమీ లేదు. క్యాంపస్‌లో ఉద్యోగం తెచ్చుకుని, ఏడాది పాటు బాగా చేసిన కుర్రాడు ఒక్కసారిగా బద్ధకస్తుడు అయిపోడు. అతన్ని పక్కనపెట్టి, అతను చేసే పని వైపు చూడండి.

అంతకంటే ముందు మీ పని చూద్దాం. రాత్రి గాలివానకి ఊళ్లో కరెంటు పోయింది. మీకు ఫోన్ వచ్చింది. సబ్‌స్టేషన్‌తో మాట్లాడి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో కరెంటు ఆపించి పని చేసే అనుమతి) తీసుకున్నారు. టార్చి వేసుకుని లైను వెంట నడిచారు. ఎక్కడో చింతకొమ్మ విరిగి తీగల మీద పడింది, లేకపోతే ఇన్సులేటర్ పగిలింది. ఎర్త్ వేసి, స్తంభం ఎక్కి సరిచేశారు. కిందికి దిగి, ఎర్త్ తీసేసి, అందరూ దూరంగా ఉన్నారో లేదో చూసుకుని ఎల్సీ రిటర్న్ ఇచ్చారు. నిమిషంలో ఊరంతా వెలుగు. చీకట్లోంచి పిల్లలు "కరెంటొచ్చె" అని అరిచారు. పొద్దున టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన "రాత్రి బాగా తిప్పలు పడ్డవు" అన్నాడు.

ఇందులో ఎన్ని ఉన్నాయో చూడండి. కంటికి, చేతికి, బుర్రకి అన్నిటికీ పని ఉంది. ఎక్కడ పోయిందో వెతికిందీ మీరే, బాగుచేసిందీ మీరే, పని మొత్తం మీ చేతి మీదుగా పూర్తయింది. అది ఎవరికి అవసరమో మీకు తెలుసు. ఎటు నుంచి వెతకాలో, ఏది ముందు చేయాలో మీరే తేల్చుకున్నారు. సరిగ్గా చేశారో లేదో చెప్పడానికి ఏ మేనేజరూ అక్కర్లేదు, వెలిగిన బల్బే చెప్పింది. 1970లలో రిచర్డ్ హ్యాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, మనిషికి పని మీద మనసు పుట్టించేవి ఏమిటని లెక్క తీస్తే సరిగ్గా ఈ అయిదే తేలాయి. పనిలో వైవిధ్యం, మొదలు నుంచి చివరిదాకా ఒక రూపం, ఎవరికో ఉపయోగం, నిర్ణయించే స్వేచ్ఛ, ఫలితం కంటికి కనబడటం. మీకు 27 ఏళ్లు విసుగు రాలేదంటే మీరు కష్టజీవి కావడం ఒక కారణం, కాదనను. మీ ఉద్యోగంలో ఈ అయిదూ ఉండటం అంతకంటే పెద్ద కారణం.

ఇప్పుడు మీ అబ్బాయి పని. అతన్ని నేను కలవలేదు. కానీ అదే రకం ప్రాజెక్టులో ఉన్న ఒకమ్మాయి ఈమధ్య నా దగ్గరికి వచ్చింది. "నిన్న ఆఫీసులో ఏం చేశావో మొదటి నుంచీ చెప్పమ్మా" అన్నాను. మధ్యాహ్నం రెండింటికి లాగిన్. క్యూలో టికెట్లు, అంటే సాయం కోరుతూ వచ్చిన ఫిర్యాదులు. సగానికి పైగా పాస్‌వర్డ్ రీసెట్లు, యాక్సెస్ రిక్వెస్టులు. ముందే రాసిపెట్టిన జవాబు కాపీ చేయడం, పేస్ట్ చేయడం, రిజాల్వ్డ్ అని నొక్కడం. డాక్యుమెంట్‌లో లేని సమస్య వస్తే సొంతంగా ప్రయత్నించకూడదు, ఎల్2కి, అంటే పై స్థాయి టీమ్‌కి పంపేయాలి. పంపాక దానికి ఏమైందో తెలియదు. ఆ రోజు 41 టికెట్లు మూసిందట. "ఆ 41 మందిలో ఒక్కరైనా గుర్తున్నారా?" అని అడిగాను. "మనుషులు కనపడరు మేడమ్, నంబర్లే" అంది. బాగా చేసిన రోజు ఎవరూ ఏమీ అనరు. ఒక టికెట్ గడువు దాటితే మాత్రం స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది, వెంటనే లీడ్ నుంచి మెసేజ్.

హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్‌ల లెక్కలో ఒక కిటుకు ఉంది. మొదటి మూడింటికీ సగటు తీసి, దాన్ని స్వేచ్ఛతో, ఫలితం తెలియడంతో హెచ్చవేశారు. హెచ్చవేత అన్నాక ఆ రెండింటిలో ఒక్కటి సున్నా దగ్గరికి పోయినా మొత్తం కూలుతుంది. అందుకే టీమ్ లంచ్‌లు, శుక్రవారం ఆటలు ఎన్ని పెట్టినా పిల్లల మొహాల్లో కళ రాదు. ఇంకో మాట కూడా వాళ్లే చెప్పారు. అందరికీ ఒకే తీరు పని అక్కర్లేదు. టికెట్లు మూసి, ఇంటికి వెళ్లి హాయిగా ఉండేవాళ్లు ఉంటారు, అందులో తప్పేమీ లేదు. మీ అబ్బాయి ఆ రకం కాదు, అంతే.

ఇదంతా పుస్తకాల్లో మాట అనుకోకండి. మన దేశంలోనే జరిగిన సంగతి చెబుతాను. 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాల షెడ్డు ఒకటి ఉంది. 224 మగ్గాలు, 29 మంది కార్మికులు, పనిని 12 రకాలుగా ముక్కలు చేసి పంచారు. పోగు తెగితే అతికేది ఒకరు, కండెలు నింపేది ఇంకొకరు, నూనె వేసేది మరొకరు. మగ్గాలు కొత్తవే, అయినా బట్ట రావలసినంత రాలేదు, వచ్చినదాంట్లో పాడైంది ఎక్కువ. లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన ఎ.కె. రైస్ అక్కడి పద్ధతి చూసి ఒక ఆలోచన చెప్పాడు. ముక్కలుగా కాకుండా, కొన్ని మగ్గాల మొత్తం బాధ్యత ఒక చిన్న జట్టుకి ఇవ్వాలి. కార్మికులు తమలో తాము మాట్లాడుకుని వాళ్లే జట్లు కట్టుకున్నారు. మనుషులు వాళ్లే, మగ్గాలు అవే. ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. ఆ కార్మికుల్ని అంతకుముందు ఎవరో ఒకరు బద్ధకస్తులనే ఉంటారు.

ఇంకొకటి. ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు 2007లో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో ఒక యూనివర్సిటీకి ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు. రోజంతా "వద్దు, పెట్టెయ్యండి" అనిపించుకునే పని. కొందరికి ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థిని ఒకసారి, కొద్ది నిమిషాలు మాత్రం, కలిపించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్‌లో గడిపే సమయం, తెచ్చే విరాళం రెండూ రెట్టింపు దాటాయి. జీతం పైసా పెరగలేదు. చేసే పని ఎవరికి చేరుతోందో కళ్లతో చూశారు. మీ టీ కొట్టు పెద్దాయన మాట చేసిన పని కూడా ఇదే.

జీతానికి విలువ లేదని మాత్రం నేననను. 1913లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కదిలే బెల్టు పెట్టి పనిని చిన్న చిన్న ముక్కలు చేశాక, జనం ఎంత వేగంగా మానేశారంటే, ఆ ఏడాది మానేసినవాళ్ల లెక్క మొత్తం కార్మికుల సంఖ్యలో 370 శాతానికి చేరింది. 1914 జనవరిలో రోజు కూలి 5 డాలర్లు చేశాక నిలబడ్డారు. డబ్బు మనిషిని గేటు లోపల నిలబెడుతుంది. నెలకు చేతికి 30 వేలు కూడా రాని జీతంతో, మనసుకు పట్టని పనిలో ఎంతకాలం ఉంటాడో మీరే ఆలోచించండి.

ఇక ఏఐ కోర్సు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే కొన్నేళ్ల కిందట నేనూ కొందరు పిల్లల్ని ఇలాంటి కోర్సుల్లో చేరమన్నాను. అలా చేరిన ఒక కుర్రాడు ఇప్పుడు "ఏఐ అసోసియేట్" అన్న హోదాలో ఉన్నాడు. చేసేది డేటా లేబులింగ్. తెరమీద రోడ్డు ఫొటోలు వస్తుంటే ప్రతి కారు చుట్టూ, ప్రతి మనిషి చుట్టూ గీతలు గీయాలి. రోజుకి ఇన్ని ఫొటోలని టార్గెట్. ఆ ఫొటోలు ఏ కంపెనీకి పోతాయో తెలియదు. పాత టికెట్ల ఉద్యోగానికి, దీనికి నాకు తేడా కనబడలేదు. అతనికీ కనబడలేదు, నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి "ఏఐలో చాలా స్కోప్ ఉంది" అన్న మాట నేను నోట్లోంచి రానివ్వడం లేదు. రంగం పేరు చూసి పనిలో అర్థం ఉంటుందనుకోవడం నా పొరపాటు. ఏ రంగంలోనైనా ముక్కలు చేసిన పని ఉంటుంది, నిండుగా ఉండే పనీ ఉంటుంది.

ఏఐలో మంచి ఉద్యోగాలు లేవా అంటే ఉన్నాయి. వాటికి గణితం మీద, ప్రోగ్రామింగ్ మీద గట్టి పట్టు కావాలి, అది ఆరు నెలల్లో రాదు. మీ అబ్బాయికి నిజంగా ఆసక్తి ఉందో లేదో తెలియాలంటే 1.8 లక్షలు అక్కర్లేదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల కోర్సులు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఒకటి ఎంచుకుని 12 వారాలు అసైన్‌మెంట్లతో సహా చేయమనండి. చేస్తే అప్పుడు మాట్లాడుకుందాం. "జాబ్ గ్యారంటీ" అని బోర్డు పెట్టినచోట డబ్బు కట్టొద్దు.

అన్నయ్యగారూ, ఇప్పుడు కాస్త కఠినంగా ఒక మాట అంటాను. "నలుగురికి ఏం చెప్పుకోవాలి" అన్నారు. ఆ నలుగురిలో ఒక్కరైనా అతని బదులు షిఫ్టుకు వెళ్తారా? పిల్లాడు విసుగ్గా ఉన్నాడని తెలిసి, ఈ ఏడాదిన్నరలో "నువ్వు అక్కడ చేసే పని ఏమిట్రా" అని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో జీతం ఉంది, కంపెనీ ఉంది, రేటింగ్ ఉంది. అతను రోజంతా ఏం చేస్తాడో ఒక్క ముక్క లేదు. ఏసీ గది అని దెప్పడం చాలా తేలిక. స్తంభం మీద నిలబడ్డప్పుడు మీకున్న గౌరవం ఆ గదిలో అతనికి ఎవరిచ్చారు?

పోలిక అడిగారు కదా. ఉన్న ఉద్యోగంలో జీతం ఒకటో తారీఖుకి పడుతుంది, పేరుంది. పని మాత్రం ఇదే తీరు. వదిలేముందు రెండు మూడు నెలలు ఆ పనినే కాస్త మార్చుకోవడానికి ప్రయత్నించమనండి. మళ్లీ మళ్లీ వచ్చే ఒక సమస్యను పట్టుకుని, అది అసలు ఎందుకు వస్తోందో తేల్చే పని తనకిమ్మని లీడ్‌ని అడగాలి. పాస్‌వర్డ్ రీసెట్ల వంటివాటికి చిన్న స్క్రిప్ట్ రాసి చూపించాలి. ఎల్2కి పంపినవి ఎలా బాగుచేశారో పక్కన కూర్చుని నేర్చుకోవాలి. కంపెనీలోనే వేరే ప్రాజెక్టులోకి మారే దారి ఉంటే దరఖాస్తు పెట్టాలి. లీడ్ మంచివాడైతే వీటిలో ఒకటైనా కుదురుతుంది. ఏదీ కుదరకపోతే ఆ ఉద్యోగం నుంచి ఇక వచ్చేదేమీ లేదని తేలిపోతుంది, తప్పు చేశానన్న బాధ లేకుండా బయటికి రావచ్చు.

బాలానగర్ ఉద్యోగం నాకు తీసిపారేయదగ్గదిగా అనిపించడం లేదు. ఈసీఈ చదివినవాడు ప్యానెల్ డిజైన్ దగ్గర్నుంచి టెస్టింగ్, ఫీల్డులో బిగించడం దాకా చూడగలిగితే రెండేళ్లలో చాలా నేర్చుకుంటాడు. చేతికొచ్చే జీతంలో తేడా నెలకు కొన్ని వేలే. కానీ చిన్న కంపెనీ అనగానే నిండైన పని దొరుకుతుందనే నమ్మకం లేదు. ఒకే బల్ల దగ్గర రోజంతా వైర్లు బిగించమంటే అదీ టికెట్ల పనే, షెడ్డులో టికెట్ల పని. అందుకని చేరేముందు ఓనర్‌ని మూడు విషయాలు అడగాలి. మొదటి నుంచి చివరిదాకా నా చేతిలో ఉండే పని ఏది? ఎవర్నీ అడక్కుండా నేను తీసుకోగల నిర్ణయం ఏది? నేను చేసిన ప్యానెల్ పొలంలో ఎలా నడుస్తోందో నాకెలా తెలుస్తుంది? వీటికి నీళ్లు నమిలితే చేరొద్దు.

ఇంకొకటి మీరు గమనించారో లేదో. స్టార్టర్ కాలిపోయి, మడి ఎండిపోతోందని రైతు ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి మీకు ఫోన్ చేయడం మీ అబ్బాయి చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాడు. హైదరాబాద్‌లో ఇన్ని కంపెనీలుండగా మోటార్ స్టార్టర్లు చేసే షెడ్డునే ఎందుకు వెతుక్కున్నాడు? మీరు చేసే పని లాంటి పని కావాలని అడుగుతున్నాడు. దాన్ని మీరు బద్ధకం అంటున్నారు.

ఆఫర్ లెటర్‌లో పీఎఫ్ ఉందో లేదో, బాండ్ అడుగుతున్నారో, జీతం ఏ తారీఖున ఇస్తారో చూడండి. సంతకానికి ముందు పని నడిచే రోజున ఇద్దరూ కలిసి ఆ షెడ్డుకి వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చోకుండా టెస్టింగ్ బల్ల దగ్గర నిలబడండి. ప్యానెల్ ఫెయిలైతే దాన్ని వైరింగ్ చేసిన కుర్రాడిని పిలిచి చూపిస్తున్నారా, లేక పక్కన పడేసి ఇంకొకటి తెస్తున్నారా చూడండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో మీకు ఎలాగూ కనబడుతుంది. చూసొచ్చాక మీ అబ్బాయినే నాకు రాయమనండి.