బ్యాండు పెడుతున్నావట కదా

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనల్లుడు బ్యాండు పెడతాడట, అన్నీ నీ పోలికలే" అని కయ్‌మన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. కాకినాడ ఆర్కెస్ట్రాల్లో పాడినదాన్ని, నీకు వద్దని చెప్పే మొహం నాకెక్కడిది? చెయ్యి. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదువు, వీడియోలా ముందుకు జరిపెయ్యకు.

మనుషుల్ని ఎక్కడ వెతకాలో తెలియట్లేదని మీ అమ్మతో అన్నావట. కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించు. నవ్వకు. 1976లో డబ్లిన్‌లో లారీ ముల్లెన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు స్కూల్లో అలాగే కాగితం పెట్టాడు. వచ్చిన పిల్లలందరూ వాళ్ళింటి వంటింట్లో ఇరుక్కుని వాయించారు. నీ ఫోన్లో ఎప్పుడూ మోగే ఆ యూ2 బ్యాండు అలా మొదలైందే. పేరు కూడా మొదట అది కాదు, ఫీడ్‌బ్యాక్ అని పెట్టుకున్నారు, తర్వాత హైప్ అన్నారు. కాబట్టి పేరు గురించి నెలలు నెలలు కొట్టుకోకండి. మీ కాలేజీ గోడల మీద ర్యాంకుల ఫొటోలు తప్ప ఇంకేమీ అంటించనివ్వరంటే, గిటారు తీగలు కొనే షాపువాణ్ణి అడుగు. ఊళ్ళో ఎవరు ఏం వాయిస్తున్నారో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కాగితం మీద "మంచి డ్రమ్మర్ కావలెను" అని రాయకు. మంచివాణ్ణని తనంతట తాను ఎవడు వస్తాడు? మీరు వాయించాలనుకునే నాలుగు పాటలు రాయి. ఆ పాటలు ఇష్టమైనవాడే వస్తాడు.

ఇంకో మాట. చర్చి క్వాయర్లలో వాయించే పిల్లల్ని కనుక్కో. మా రోజుల్లో ఆర్కెస్ట్రాకి గిటారు, కీబోర్డు, డ్రమ్స్ వాళ్ళు ఎక్కువగా అక్కడినుంచే వచ్చేవాళ్ళు. ప్రతివారం జనం ముందు వాయిస్తారు కాబట్టి వాళ్ళకి స్టేజీ భయం ఉండదు, పాడేవాళ్ళు శ్రుతి మార్చినా వెంటనే అందుకుంటారు. ఆదివారం పొద్దున మాత్రం వాళ్ళు దొరకరు, ప్రాక్టీసు మధ్యాహ్నం పెట్టుకోండి.

బేస్ గిటారుకి ఎవడూ ముందుకు రాడు. ముగ్గురు గిటారు వాళ్ళు వస్తే ఒకణ్ణి బతిమాలి అటు తిప్పు. నాలుగు తీగలే కదా, అవీ గిటారులోని కింది శ్రుతి నాలుగు తీగలే, నేర్చుకుంటాడు. డ్రమ్మర్ దొరకడం మాత్రం కష్టం. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్స్ పెడితే పక్క ఫ్లాటువాళ్ళు ఊరుకుంటారా? పెద్దగా చప్పుడు రాని ప్రాక్టీసు ప్యాడ్ మీద నేర్చుకునేవాడైనా పర్వాలేదు. గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూములు మీ ఊళ్ళో ఉన్నాయి, తలా కొంచెం వేసుకుని వెళ్ళండి.

వచ్చినవాడికి పరీక్ష పెట్టి, సోలో వాయించమని కూర్చోకండి. అందరూ కలిసి ఒకటే పాట గంటసేపు వాయించండి. పాడేవాళ్ళు అందుకోగానే తన వాల్యూమ్ తగ్గిస్తున్నాడా? తప్పు వాయిస్తే తప్పని ఒప్పుకుంటున్నాడా, తీగ మీద నెట్టేస్తున్నాడా? చెప్పిన టైముకి వచ్చాడా? ఈ మూడు చూస్తే చాలు. వేళ్ళ స్పీడు తర్వాతైనా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరో అబ్బాయికి పెద్ద యాంప్లిఫయర్ ఉందనీ, వాణ్ణి చేర్చుకుంటే సామాను సమస్య తీరిపోతుందనీ అన్నావట. వాడెలాంటివాడని మీ అమ్మ అడిగితే "ఇంకా తెలీదు" అన్నావట. నాకు నిద్ర లేకుండా చేసింది ఈ మాటే.

మా ట్రూపులోనూ ఒకణ్ణి అలాగే చేర్చుకున్నాం. యాంప్లిఫయర్ వాడిది, మిక్సర్ వాడిది, స్పీకరు పెట్టెలు వాళ్ళ నాన్నవి. వాయించడం అంతంతమాత్రం. అయినా వాడు లేకపోతే ప్రోగ్రాము లేదు కాబట్టి వాడు చెప్పిందే వేదం. ఆ యాంప్లిఫయర్ ప్లగ్గు మూడు పిన్నులది. పందిళ్ళలో దొరికే బోర్డులకేమో రెండే కన్నాలు. ఒకరోజు వాడు కటింగ్ ప్లేయరు తీసుకుని పైన ఉండే పెద్ద పిన్నును పుటుక్కున విరిచేసి, "ఇప్పుడెక్కడైనా పడుతుంది" అన్నాడు. అందరం నవ్వాం కూడా. ఆ తర్వాత మా గిటారబ్బాయికి తీగలు ముట్టుకుంటే చిమచిమమని అనిపించేది. పాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే నాకూ జిల్లుమనేది. చెబితే వాడికి కోపమొస్తుందని, సామాను తీసుకుని పోతాడని ఎవరూ నోరెత్తలేదు.

వినాయక చవితి పందిరి. సాయంత్రం వాన పడి వెలిసింది, స్టేజీ మీద చెక్కలు తడిసి ఉన్నాయి. దేవుడి ముందు కదా అని అందరం చెప్పులు కింద విప్పి ఎక్కాం. గిటారబ్బాయి కోరస్ పాడ్డానికి మైకు దగ్గరికి వచ్చాడు. పెదవి తగిలిందో లేదో, గిటారుతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు. చేతులు తీగలకు అతుక్కుపోయినట్టు బిగుసుకున్నాయి. పాటలో భాగమనుకుని జనం ఈలలు వేశారు. మెయిన్ ఎక్కడుందో మాలో ఒక్కరికీ తెలియదు. పందిరి కట్టిన ముసలాయన పరుగెత్తుకెళ్ళి ఫ్యూజు పీకేశాడు. పిల్లాడు బతికాడు. పెదవి, వేళ్ళ కొసలు కాలాయి. మళ్ళీ మైకు ముందు నిలబడలేదు. యాంప్లిఫయర్ అబ్బాయి ఆసుపత్రి వరండాలో "చెయ్యి తడిగా ఉంటే నేనేం చేస్తాను" అన్నాడు.

ఎందుకలా అవుతుందో కూడా తెలుసుకో. గిటారు తీగలు లోపలి వైరు ద్వారా యాంప్లిఫయర్ బాడీకి కలిసి ఉంటాయి. వాడు విరిచేసిన ఆ పెద్ద పిన్నే ఎర్త్, లీకైన కరెంటును నేలలోకి పంపేది. ఆ బాడీకి ఎర్త్ లేకపోతే, లోపల ఎక్కడ కరెంటు లీకైనా తీగల్లోకే వస్తుంది. మైకు వేరే సెట్టుది, దాని ఎర్త్ సరిగ్గా ఉంటుంది. చేతులు తీగల మీద, నోరు మైకు మీద, మధ్యలో మనిషి. 1965లో అమెరికాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ బ్యాండు గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటారు మైకు స్టాండుకి తగిలి, స్టేజీ మీదే స్పృహ తప్పాడు, అదృష్టం బావుండి లేచాడు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే స్కాట్లాండ్ గిటారిస్టు ఎర్త్ లేని మైకును ముట్టుకుని చనిపోయాడు. ఇరవై ఏడేళ్ళు. అంత పెద్ద స్టేజీల మీద జరిగిందంటే మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరగదా?

అందుకని, ఎవరి సామానైనా సరే, పిన్ను విరిగిన ప్లగ్గు కనిపిస్తే వాయించకండి. గిటార్లు, మైకు సెట్టు అన్నీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ప్రాక్టీసు చేసే ఇంట్లో 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్, ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతుందా అని ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. ఆ డబ్బు నేను పంపిస్తాను. కాళ్ళకి రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోండి, పందిరైనా సరే, దేవుడేమీ అనుకోడు. మెయిన్ ఎక్కడుందో ప్రతివాడికీ తెలియాలి. చిమచిమ అనిపిస్తే పాట మధ్యలోనైనా ఆపెయ్యాలి. అలా ఆపినందుకు మొహం మాడ్చుకునేవాడు మీ బ్యాండులో ఉండకూడదు. ఆ యాంప్లిఫయర్ అబ్బాయి మంచివాడే కావచ్చు, ముందు నలుగురితో కలిసి వాయించనియ్యి. బీటిల్స్ బ్యాండు వాళ్ళు కూడా 1960లో జర్మనీలోని హాంబర్గ్ ప్రయాణానికి హడావుడిగా డ్రమ్మర్ కావాల్సొచ్చి, సొంత డ్రమ్స్ ఉన్న పీట్ బెస్ట్‌ను చేర్చుకున్నారు. రెండేళ్ళకి తీసేశారు, ఆ మాట చెప్పే పని మేనేజరు మీద పడేశారు. ఎవరినైనా వద్దనుకుంటే నువ్వే ఎదురుగా కూర్చుని చెప్పు, వాట్సాప్‌లో తీసెయ్యకు.

మిగతావి నీకు తెలిసినవే. ట్యూనర్ యాప్ పెట్టుకుని అందరూ ఒకే శ్రుతిలో ఉండండి. పది పాటలు సగం సగం కాకుండా మూడు పాటలు చివరిదాకా నేర్చుకోండి. ఫోన్లో రికార్డు చేసి వినండి, ఏడుపొస్తుంది, పర్వాలేదు. డబ్బు లెక్క ఒక పుస్తకంలో రాయండి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ పెడితే పోలీసులు వస్తారు, అది రూలు.

మీ బ్యాండులో పాడేది అమ్మాయట కదా. సంతోషం. ప్రాక్టీసు అయ్యాక ఆ పిల్ల ఇంటికి ఎలా వెళ్తోంది? ప్రోగ్రాము అయ్యాక మగపిల్లలందరూ టీ కొట్టు దగ్గర నవ్వుకుంటూ నిలబడితే, అర్ధరాత్రి రిక్షా కోసం ఒంటరిగా చూసినదాన్ని నేను. మీ నాన్న సైకిలేసుకుని వచ్చేవాడు పాపం, తిట్టుకుంటూనే వచ్చేవాడు. ఆయన కోపమంతా అప్పటిదే, నీ గిటారు మీద కాదు. ఆ అమ్మాయి వాళ్ళమ్మతో నువ్వు ముందే వెళ్ళి మాట్లాడు. ఏ టైముకి అయిపోతుందో చెప్పు, ఆ టైముకి ముగించు. సామాను సర్దడం తర్వాత చూసుకోవచ్చు.

పరీక్షలకి ముందు రెండు నెలలు ప్రాక్టీసు ఆపేస్తామని మీ నాన్నకి నువ్వే చెప్పు, ఆయన అడగకముందే. మిగతాది నేను మాట్లాడతాను. ఆదివారం ఫోన్ చెయ్యి, డ్రమ్మర్ దొరికాడో లేదో చెప్పు. ఎలక్ట్రీషియన్ ఎంత అడిగాడో కూడా కనుక్కో.

మీ అత్తయ్య