సొరుగు బయటికి లాగి చూడందే అడ్వాన్స్ ఇవ్వకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఆ కొమోద్, అదే సొరుగుల బల్ల, ఫొటో చూశాను. పెద్దది చేసి మరీ రెండుసార్లు చూశాను. బాగుంది, కాదనను. పొట్ట ఉబ్బినట్టు వంపు తిరిగిన ముందుభాగం, ఇత్తడి పిడులు, పైన ఎర్రచారల పాలరాయి, రాజుల వెర్సాయ్ కోటలోంచి ఎత్తుకొచ్చినట్టే ఉంది. 1,800 యూరోలంట, శనివారం వెళ్లి అడ్వాన్స్ ఇచ్చేస్తాం మావయ్యా అని రాశావు. కాస్త ఆగు. ఆ ప్రకటనలో మాటలు నువ్వు సరిగ్గా చదవలేదు. "కొమోద్ స్తీల్ లూయీ 15" అని ఉంది అక్కడ. ఆ మధ్యనున్న "స్తీల్" అనే చిన్న మాటని నువ్వు దాటేసి 18వ శతాబ్దపు రాజు పదిహేనో లూయీ పేరు దగ్గరికి వెళ్లిపోయావు.

ఇక్కడ ఫ్రాన్స్‌లో 1981 మార్చి 3 నాటి డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, ఒకటుంది. పాత వస్తువులు అమ్మేవాడు ఏ మాట రాస్తే దేనికి పూచీ పడ్డట్టో అందులో చెప్పారు. "ఎపోక్ లూయీ 15" అనిగానీ, ఉత్తినే "కొమోద్ లూయీ 15" అనిగానీ రాస్తే అది నిజంగా ఆ కాలంలో చేసిందేనని హామీ ఇచ్చినట్టు. "స్తీల్" అని చేర్చాడా, ఆ పోకడలో చేసింది అని మాత్రమే, 1900లో చేసినా 1960లో చేసినా అది అబద్ధం కిందికి రాదు. కాబట్టి అతను నిన్ను మోసం చెయ్యట్లేదు, నిజమే రాశాడు. అలాంటివి పారిస్‌లో ఫోబూర్ సెంత్ ఆంత్వాన్ వీధుల్లో వడ్రంగులు కొన్ని తరాలపాటు చేశారు, కొన్ని చాలా బాగా చేశారు కూడా. కానీ నువ్వు 250 ఏళ్ల వస్తువు అనుకుని కొంటున్నావు, నా లెక్కలో దానికి 1,800 ఎక్కువ.

నేను చదువుకున్నవాణ్ణి కాదని నీకు తెలుసు. నాన్న యానాం నుంచి వచ్చిన కొన్నాళ్లకి నన్నూ పిలిపించుకున్నాక, ఇక్కడ 31 ఏళ్లు సామాన్లు మోసే కంపెనీలో చేశాను. కొనేవాడు కొమోద్‌ని ముందునుంచి చూస్తాడు, మోసేవాడికి కనపడేది వెనకభాగమూ, అడుగూ. అందుకే నా సలహా అంతా వెనకనుంచే ఉంటుంది.

అన్నట్టు, ఇంటికి ఫోన్ చేసి కమోడ్ కొన్నామని మాత్రం చెప్పకు. నేను మొదటిసారి కొన్నప్పుడు సంతోషం కొద్దీ "హాల్లోకి పాత కమోడ్ ఒకటి కొన్నానమ్మా" అంటే మీ అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "హాల్లోనా?" అంది. ఆ మాటకి ఇక్కడ అర్థం సౌకర్యమైనది అని. అంతకుముందు వీళ్లకీ మన భోషాణంలాంటి పెట్టెలే ఉండేవి, మూత ఎత్తి అడుగునున్న బట్ట కావాలంటే పైనున్నవన్నీ తియ్యాలి. 1700 ప్రాంతంలో ఈ సొరుగుల రకం వచ్చేసరికి అందరికీ హాయి అనిపించి ఆ పేరే పెట్టేసుకున్నారు.

సరే, దుకాణానికి వెళ్లగానే చెయ్యాల్సిన మొదటి పని ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి నేలమీద పెట్టడం. అమ్మేవాడు వద్దంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. సొరుగు మూలల్లో రెండు చెక్కలు వేళ్లు పెనవేసినట్టు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కదా, ఇక్కడివాళ్లు దాన్ని వానకోయిల తోక అంటారు, ఆ తోకలు చూడు. చేత్తో కోసినవి ఒకటి లావు, ఒకటి సన్నం, కొలత తప్పినట్టుంటాయి, పక్కన పనివాడు గీసుకున్న గీత కూడా ఇంకా కనపడుతుంది. అన్నీ అచ్చుగుద్దినట్టు సమానంగా ఉంటే మిషన్ పని. సొరుగు తిరగేసి అడుగున అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నిమురు, చేత్తో చిత్రిక పట్టిన చెక్క అయితే సన్నటి అలల్లా తగులుతుంది, మిషన్‌దైతే అద్దంలా ఉంటుంది. పారిస్ పనివాళ్లు సొరుగులకి ఎక్కువగా ఓక్ వాడేవాళ్లు, ఊళ్లలో వాళ్లు పైన్, పోప్లర్, ఏది దొరికితే అది. ప్లైవుడ్ కనపడితే ఇక చెప్పేదేముంది.

అదే సొరుగు లోపలివైపునుంచి పిడులు బిగించిన చోటు చూడు. బయట రెండు బెజ్జాలే ఉండి, లోపల మూసేసినవి ఇంకో రెండు కనపడితే పిడులు మార్చారు. అది పెద్ద నేరం కాదు, 200 ఏళ్లలో ఎవరో ఒకరు ఫ్యాషన్ మారిందని మారుస్తారు, కానీ "అంతా ఒరిజినల్" అని చెప్పేవాడి మాట అక్కడ పట్టుబడుతుంది. సొరుగులు జారే పట్టీలు కూడా చూడు. వందేళ్లు లాగినవి అరిగి లోతు పడాలి. కొమోద్‌ని గోడ దగ్గరనుంచి జరిపించి వెనక టార్చి వెయ్యి, అక్కడ ఎవరూ పాలిష్ పెట్టరు, చెక్క పొడిగా, నల్లబడి, దుమ్ము పట్టి ఉండాలి. కొత్త రంగు వాసన వచ్చిందా, ఎవరో దానికి వయసు పోసే పనిలో ఉన్నట్టే.

పైన అతికించిన అందమైన చెక్క పొర ఎక్కడో మూల ఎగిరిపోయి ఉంటుంది, దాని మందం చూడు. రంపంతో కోసిన కాలంలో అది 2 మిల్లీమీటర్ల దాకా ఉండేది, తర్వాత మిషన్లతో తీసిన పొర కాగితానికి కాస్త ఎక్కువ, అంతే.

పురుగు బెజ్జాల గురించి అందరూ భయపెడతారు. బెజ్జాలుంటే పాతదని కాదు, చచ్చిపోయిన పురుగు వల్ల ప్రమాదమూ లేదు. బెజ్జం అంచు తెల్లగా, కిందంతా గోధుమపిండిలాంటి పొడి రాలుతుంటే లోపల ఇంకా తింటోందని. మందు కొట్టించకుండా ఇంట్లోకి తేకు, మిగతా సామాను కూడా పట్టుకుంటుంది. ఇంకో సంగతి, పురుగు దారి చెక్క పైభాగాన పొడవుగా కాలవలా తెరుచుకుని కనపడితే అనుమానించు. పురుగు లోపల తొలుస్తుంది, బయటికి గుండ్రటి బెజ్జం చేసుకుని వస్తుంది, ఆ కాలవ బయటపడిందంటే పురుగు తిన్న పాత చెక్కని తర్వాతెవరో కోసి వాడారన్నమాట.

ముద్ర ఉంది, ముద్ర ఉంది అని ఊరించేవాళ్లు ఉంటారు. 1740ల నుంచి పారిస్‌లో పనివాళ్ల సంఘం తమ మేస్త్రీలు పేరు ముద్ర కొట్టాలని నియమం పెట్టింది, 1791లో ఆ సంఘాలే రద్దయ్యాయి. ముద్ర లేని మంచి కొమోద్‌లు బోలెడు, సుత్తీ అచ్చూ ఉంటే ముద్ర ఈ రోజైనా కొట్టొచ్చు. వెర్సాయ్ మ్యూజియం వాళ్లే 18వ శతాబ్దపు కుర్చీలనుకుని నకిలీవి కొన్నారని 2016లో బయటపడింది. అంత నిపుణులున్న చోటే అలా అయితే నువ్వూ నేనూ ఎంత. అందుకే నోటిమాట వినకు, రసీదు మీద కాలమూ, చెక్కా, మార్చిన భాగాలూ రాసి ఇమ్మను. రాయడానికి నసిగాడంటే నీకు జవాబు వచ్చేసినట్టే.

ఇంతకీ నన్నడిగితే మీ ఇంటికి ఏం కొనాలి? లూయీ ఫిలిప్ కొమోద్. ఆయన 1830 నుంచి 1848 దాకా రాజు. ఆ కాలం వస్తువులకి ఆర్భాటం లేదు, ముందుభాగం చదునుగా, మూలలు గుండ్రంగా, అక్రోట్ చెక్క, పైన ఎక్కువగా బూడిదరంగు సెంత్ ఆన్ పాలరాయి. ముందు కనపడే మూడు పెద్ద సొరుగులు లెక్కపెట్టి అంతే అనుకుంటావు, పాలరాయి కిందున్న వంపు పట్టీని కిందనుంచి వేళ్లతో లాగితే అదీ సొరుగే, పిడి ఉండదు. మా ఇంట్లో పాస్‌పోర్టులు దాంట్లోనే. ఇప్పటి కుర్రాళ్లు గోధుమరంగు బరువు సామాను వద్దనుకుంటున్నారు కాబట్టి వేలంలో రెండు మూడు వందలకి కూడా పోతున్నాయి, ఐకియాలో కొత్తదాని ధర. వంపుల సోకు నీకు తప్పదంటే ఊళ్లలో చేసిన చెర్రీ చెక్క కొమోద్‌లు చూడు, బంగారు పూతలూ అవీ ఉండవు కానీ చూసేకొద్దీ చూడాలనిపిస్తాయి.

ఎక్కడ అంటే, ముందు ఎమ్మాయుస్‌కి వెళ్లు, ఆబే పియేర్ 1949లో పెట్టిన సంస్థ, పాత సామాను అమ్మిన డబ్బు ఇల్లూ వాకిలీ లేనివాళ్లకి పనికొస్తుంది. పారిస్‌లో ద్రువో వేలంశాలలో అమ్మకానికి ముందురోజు అన్నీ చూడనిస్తారు, సొరుగులు లాగినా ఎవరూ ఏమీ అనరు. కానీ అక్కడ కొట్టిన ధరే చివరి ధర కాదు, మీద పాతిక శాతం అటూ ఇటూగా ఫీజు పడుతుంది, ఆలస్యంగా తీసుకెళితే ఉంచినందుకూ కట్టాలి. పారిస్ అంచునున్న సెంత్ వాన్ పాత సామాన్ల సంతకి సోమవారం వెళ్లు, శని, ఆదివారాల్లో టూరిస్టుల ధరలు. పారిస్ దగ్గర షాతూలో ఏడాదికి రెండుసార్లు జరిగే సంతలో పాత ఇనుముతో పాటు పందితొడ మాంసం కూడా అమ్ముతారు, మీ ఆయన్ని దానికి తీసుకెళితే బేరం ఆడేటప్పుడు సణగడు.

కొన్నాక అసలు కష్టం. మీది మూడో అంతస్తు, లిఫ్టులో ముగ్గురు నిలబడితే నాలుగోవాడికి చోటుండదు. పాలరాయి 120 సెంటీమీటర్ల పొడవు, 55 వెడల్పు, 2 మందం అనుకుంటే అదొక్కటే 35 కిలోలు దాటుతుంది. దాన్ని ఎప్పుడూ అద్దంలా నిలబెట్టి మొయ్యాలి, పళ్లెంలా పడుకోబెట్టి ఎత్తితే తన బరువుకి తనే మధ్యకి విరుగుతుంది. ఇది నాకు పనిలో చేరిన రెండో నెలలో తెలిసింది, నాలుగో అంతస్తు గుమ్మంలో, ఇల్లుగలావిడ కళ్లముందే. ఆవిడ ఒక్క మాట అనలేదు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సొరుగులన్నీ తీసి విడివిడిగా మోయించు. మెట్ల మలుపు ముందే కొలుచుకో, సొరుగు తెరవడానికి ఎదురుగా ఇంకో అర మీటరు కావాలి, అది అందరూ మర్చిపోతారు.

రేడియేటర్ పక్కన పెట్టకు, పొర ఎండి లేస్తుంది. ఆ మెరుపు చాలావాటికి లక్కతో వచ్చింది, మన ఏటికొప్పాక బొమ్మలకి పూసే లక్కే, ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా రుద్దుతారు. అందుకని శానిటైజర్ చుక్క పడితే మచ్చే, వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి చుట్టే. ఏడాదికోసారి తేనెమైనం కొంచెం రాస్తే చాలు. సొరుగు బిగిస్తే పట్టీలకి కొవ్వొత్తి రుద్దు. ఊడిన ముక్క పారెయ్యకు, కవర్లో దాచు. పాత జిగురు వేడినీటికి మెత్తబడుతుంది కాబట్టి పనివాడు మళ్లీ అతికిస్తాడు, నువ్వు షాపులో తెల్ల జిగురు కొని పుయ్యకు.

బుజ్జిగాడికి రెండేళ్లు కదా, వాడు కింది సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కుతాడు. వెనకనుంచి గోడకి ఇనుప పట్టీలతో బిగించండి, పాతదానికి మేకు కొట్టడం పాపం అనుకోకండి. ఆ పాలరాయి ఊరికే పైన కూర్చుని ఉంటుంది, దేనికీ అంటుకుని ఉండదు.

శనివారం అడ్వాన్స్ ఇవ్వకు. పదింటికి నేనూ వస్తాను, టార్చి తెస్తాను. మీ ఆయన్ని టేపు తెమ్మను. నాకు నడుం పట్టేసింది, మొయ్యడం మాత్రం ఆయనే.

మీ మావయ్య