డిఫాల్ట్ వెబ్ సైట్ ఎగిరిపోతే

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. ఖాళీ సైటే కదా అని ఆఫీసు మెయిల్ నడిపే ఎక్స్చేంజ్ సర్వర్‌లో డిఫాల్ట్ వెబ్ సైట్‌ని డిలీట్ కొట్టేశావు. దాని కిందున్న ఓడబ్ల్యూఏ (బ్రౌజర్‌లో మెయిల్ చూసేది), ఈసీపీ (అడ్మిన్ పేజీ), ఆటోడిస్కవర్ (మెయిల్ యాప్‌కి సెట్టింగులిచ్చేది) అన్నీ దాంతోపాటే పోయాయి. కంగారుపడకు. మెయిల్‌బాక్సులు ఉండేది డేటాబేస్ ఫైల్లో, దాన్ని నువ్వు ముట్టుకోలేదు.

ముందు మౌస్ వదిలెయ్. అదే పేరుతో కొత్త సైట్ పెట్టెయ్యాలని చెయ్యి లాగుతుంది, పెట్టకు. ఈ సైట్లని నడిపే విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్, తన కాన్ఫిగ్ (సెట్టింగులు) మారినప్పుడల్లా ఒక కాపీ తీసి, సీ డ్రైవ్‌లో ఐనెట్‌పబ్ కింద హిస్టరీ అనే ఫోల్డర్‌లో దాస్తుంది. మామూలుగా 10 కాపీలే ఉంచుతుంది. కొత్తది వచ్చిందంటే అన్నిటికన్నా పాతది పోతుంది. ఒకప్పుడు నేనూ ఇదే పని చేసి, గంటసేపు అదీ ఇదీ మారుస్తూ కూర్చున్నాను. తీరా హిస్టరీ గుర్తొచ్చి తెరిస్తే, పదికి పదీ డిలీట్ అయ్యాక తీసినవే!

అందుకే ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఇప్పుడే వేరేచోట కాపీ చేసుకో. తర్వాత కొత్తదాని నుంచి వెనక్కి వెళ్తూ, ఒక్కోదానిలో అప్లికేషన్‌హోస్ట్ కాన్ఫిగ్ అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరువు. ఐడీ 1తో డిఫాల్ట్ వెబ్ సైట్ కనిపించిన మొదటి ఫోల్డరే నీక్కావలసింది. ఐఐఎస్ కమాండ్ టూల్ ఆప్‌సీఎండీలో రిస్టోర్ బ్యాకప్ అని ఆ ఫోల్డర్ పేరివ్వు. ఐఐఎస్ కాసేపు ఆగుతుంది. ఆ కాపీ తర్వాత చేసిన మార్పులన్నీ పోతాయి, అది తెలిసే చెయ్యి.

సైట్ తిరిగొచ్చినా 443కి (హెచ్‌టీటీపీఎస్ పోర్ట్) సర్టిఫికెట్ ఊడిపోయి ఉండొచ్చు. పోర్ట్‌కీ సర్టిఫికెట్‌కీ ఉన్న ఆ ముడి ఈ కాన్ఫిగ్ ఫైల్లో ఉండదు మరి. ఐఐఎస్‌లో ఆ సైట్ బైండింగ్స్‌లోకి వెళ్లి సర్టిఫికెట్‌ని మళ్లీ ఎంచుకో. ఎక్స్చేంజ్ 2013, ఆ తర్వాతి వెర్షన్లయితే ఎక్స్చేంజ్ బ్యాక్ ఎండ్ అనే రెండో సైట్‌లో 444 పోర్ట్ కూడా చూడు. దానికి సర్టిఫికెట్ లేకపోతే లాగిన్ అయ్యాక తెల్ల పేజీయే.

పనికొచ్చే కాపీ ఒక్కటీ దొరక్కపోతే మాత్రం పెద్ద పనే. సైట్‌ని చేత్తో కట్టుకుని, ఒక్కో వర్చువల్ డైరెక్టరీని (ఓడబ్ల్యూఏ, ఈసీపీ లాంటివి) ముందు రిమూవ్ కమాండ్‌తో తీసేసి ఆ తర్వాతే న్యూ కమాండ్ కొట్టాలి. యాక్టివ్ డైరెక్టరీలో (ఎక్స్చేంజ్ తన వివరాలు దాచుకునే విండోస్ డైరెక్టరీ) పాత ఎంట్రీ ఇంకా ఉంటుంది కాబట్టి, నేరుగా న్యూ అంటే ఇప్పటికే ఉందంటుంది. తీసేముందు పాత యూఆర్ఎల్స్ రాసిపెట్టుకో.

ఎన్నో ఫోల్డర్‌లో దొరికిందో చెప్పు.

మీ అన్న