తలుపు తీసినా రాని పిట్టలు

ప్రశ్న: మా ఇంట్లో బడ్జీ పిట్టల జంట మూడేళ్లుగా పంజరంలోనే ఉంది. పాపమనిపించి పది రోజులుగా తలుపు తీసి పెడుతున్నాను. గడప దాకా వచ్చి, తొంగిచూసి, వెనక్కి పోతున్నాయి. మా కోళ్లేమో పొద్దున గూటి తలుపు తీయగానే తోసుకుంటూ ఉరుకుతాయి. వీటికి స్వేచ్ఛ ఇష్టం లేదా? ఆరుబయట వదిలేస్తే అవే అలవాటు పడతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు తొందరపడకముందే రెండోదానికి చెప్పేస్తానమ్మా. వదలొద్దు. బడ్జీలు ఆస్ట్రేలియా మెట్టభూముల పిట్టలు. అక్కడ నీళ్లూ గింజలూ వెతుక్కుంటూ గుంపులుగా తిరుగుతాయి. మీ జంటకు గిన్నె తప్ప ఇంకేం తెలుసు? కాకి కంటపడితే అంతే సంగతులు.

ఇక ఇష్టం మాట. మీ కోళ్లు ఉరుకుతున్నాయంటే, ఎక్కడ గీరితే పురుగు దొరుకుతుందో, చీకటి పడేలోగా ఎక్కడికి చేరాలో వాటికి తెలుసు కాబట్టే. చీకట్లో కోడికి చూపు ఆనదు. అందుకే కొత్తగా తెచ్చిన కోళ్లను నాలుగైదు రోజులు గూట్లోనే ఉంచి వదులుతారు. లేకపోతే సాయంత్రం ఏ చెట్టుకొమ్మ మీదో మునగదీసుకుంటాయి.

నేనోసారి తీగల పంజరంలో పెరిగిన రెండు పెట్టల్ని తెచ్చాను. మట్టి ఎరగవు. అయినా ఆ తీగల మీదే కూర్చుని, రెక్కలు కొట్టుకుంటూ, లేని దుమ్మును ఒంటిమీదికి చిమ్ముకునేవి. (గుడ్ల కోళ్లకు అలాంటి బోసి పంజరాలను ఐరోపా సమాఖ్య 2012లో నిషేధించింది. ఆలస్యంగానైనా మంచి పనే.) తలుపు తీస్తే రెండు రోజులు గడప దాటలేదు. మూడోనాడు ఒకటి మట్టిమీద కాలు పెట్టి, ఎత్తి, మళ్లీ పెట్టింది. మధ్యాహ్నానికి చూద్దును కదా, గుంట చేసుకుని, కళ్లు మూసి, ఒక కాలు చాపి పక్కకు ఒరిగి ఉంది. చచ్చిపోయిందనుకుని పరుగెత్తాను. నిద్ర చెడగొట్టానని నన్నే కసిరింది!

మీ పిట్టల్ని మాత్రం చేత్తో పట్టి బయటికి లాగకండి. నేను లాగాను. నా బడ్జీ బెదిరి కిటికీ అద్దానికి కొట్టుకుని పరదా వెనక దూరింది. ఆ తర్వాత నెల రోజులు నా చెయ్యి కనిపిస్తే మూలకు పోయేది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి పరదాలు వేసి, పొద్దున మేత వేయకముందే తలుపు తీయండి. తలుపు బయట ఒక పుల్ల కట్టి, దాని కొసన కొర్రకంకి తగిలించండి. రెండింట్లో ధైర్యమున్నది ముందు వస్తుంది. రెండోది కాసేపు అరిచి గోలచేసి దాని వెనకే వస్తుంది. మూడేళ్లు ఎగరని రెక్కలు కాబట్టి కాస్త ఎగరగానే నోరు తెరిచి ఆయాసపడతాయి. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది.

లోపలికి తరమొద్దు. పొద్దువాలకముందు మేతగిన్నె లోపల పెడితే అవే వస్తాయి. ఆ తలుపు గాలికి పడిపోకుండా తాడుతో కట్టండి. బయటికొచ్చిన మొదటిరోజే అది టపీమని మూసుకుందంటే మళ్లీ పది రోజులు వెనక్కి.