రెక్కలు సగం తెరిచి వాలేది డామ్‌సెల్‌ఫ్లైనే

మీరు పంపిన ఫోటోలో గడ్డికాడ మీద వాలిన సన్నటి తూనీగ రెక్కలు సగం తెరిచే ఉంచింది, మరి తూనీగల్లో ముఖ్యమైన రెండు రకాల్లో ఇది డ్రాగన్‌ఫ్లైనా డామ్‌సెల్‌ఫ్లైనా అని అడిగారు కదా. డామ్‌సెల్‌ఫ్లైనే అండీ, లెస్టిడే కుటుంబానిది. డామ్‌సెల్‌ఫ్లై అంటే రెక్కలు మూసుకునే వాలుతుందన్న గుర్తు చాలామందిని ఇలాగే తికమక పెడుతుంది, ఈ కుటుంబంలో ఎక్కువ జాతులు ఆ మాట వినవు మరి.

రెక్కల సంగతి పక్కన పెట్టి, ఫోటో పెద్దది చేసి తల చూడండి. రెండు కళ్లూ చెరో పక్కన, మధ్యలో ఇంకో కన్ను పట్టేంత ఖాళీతో ఉన్నాయి. డ్రాగన్‌ఫ్లైలలో చాలావాటికి కళ్లు నడినెత్తిన కలుస్తాయి (వాటిలోనే గాంఫిడే అనే కుటుంబానివాటికి కలవవు, కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు). నాలుగు రెక్కలూ దాదాపు ఒకే ఆకారంలో, మొదట్లో కాడలా సన్నబడి ఉన్నాయి చూడండి, అది గట్టి గుర్తు.

ఎండిపోయే గుంట దగ్గర ఎలా బతుకుతాయన్నారు, నాకైతే అసలు మజా అక్కడే ఉంది. ఆడది పొట్ట చివరున్న కత్తిలాంటి భాగంతో, చాలాసార్లు నీటికి పైనున్న కాడనే చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. చలి దేశాల్లో చాలా జాతుల గుడ్లు చలికాలమంతా అలాగే ఆగి, వసంతంలో పొదుగుతాయి. తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుండే పిల్లలు గబగబా పెరిగి, గుంట ఎండేలోపే ఎగిరిపోతాయి.

అన్నట్టు ఇదే కుటుంబంలో సింపెక్మా అని ఒకటుంది, అది చలికాలాన్ని పెద్ద పురుగుగానే గడుపుతుంది, పైగా రెక్కలు బుద్ధిగా మూసుకునే వాలుతుంది!