మీ ప్రశ్నలు – మా జవాబులు: తోటల నుండి తప్పించుకుని ఊళ్లు కట్టుకున్నవారు

ప్రశ్న: ఆఫ్రికా నుండి అమెరికా ఖండాలకు బానిసలుగా తరలించబడినవారి కష్టాలను పాఠ్యపుస్తకాలలో చదివాము. వారంతా ఆ బతుకును భరిస్తూ ఉండిపోయారా? తప్పించుకున్నవారు ఎక్కడ, ఎలా బతికారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, టెక్కలి

జవాబు: అందరూ ఉండిపోలేదమ్మా. చెరకు తోటలు ఎక్కడ విస్తరించాయో, వాటికి దూరంగా కొండల్లోనో, అడవిలోనో, చిత్తడి నేలల్లోనో పారిపోయినవారి ఊళ్లు కూడా అక్కడ వెలిశాయి. చరిత్రకారులు వీరిని మెరూన్లు అంటారు. బ్రెజిల్ ఈశాన్యంలో, నేటి అలగోవాస్ రాష్ట్రంలోని కొండల నడుమ 16వ శతాబ్దం చివరి నుండి నిలిచిన పల్మారెస్ ఒక్క ఊరు కాదు. అనేక ఊళ్లు కలిసి ఒక రాజ్యంలా నడిచిన ప్రాంతం. అది డచ్చివారి దండయాత్రలనూ పోర్చుగీసువారి దండయాత్రలనూ తట్టుకుని దాదాపు నూరేళ్లు నిలిచి, 1694లో పడిపోయింది. దాని చివరి నాయకుడు జుంబీని మరుసటి ఏడాది నవంబరు 20న చంపి, తలను రెసీఫె పట్టణంలో వేలాడదీశారు. ఆ తేదీ ఇప్పుడు బ్రెజిల్‌లో జాతీయ సెలవు దినం.

ఎలా బతికారన్న మీ రెండో ప్రశ్నే నిజానికి పెద్దది. పారిపోవడం ఒక రాత్రి పని. మర్నాటి నుండి తిండి, నీరు, కాపలా, పిల్లల పెంపకం అన్నీ ఎవరికివారు చూసుకోవాలి. జమైకాలో మెరూన్లు సున్నపురాతి గుంటలతో నిండిన కాక్‌పిట్ ప్రాంతాన్నీ, బ్లూ మౌంటెన్స్ అనే కొండలనూ ఎంచుకున్నారు. సైన్యం బారులు తీరి నడవలేని ఇరుకు దారుల్లో వీరు ఆకులు కప్పుకుని మాటు వేసేవారు. ఆవు కొమ్ముతో చేసిన అబెంగ్ అనే బూరను ఊది, శత్రువు రాకను కొండ నుండి కొండకు తెలియజేసేవారు. తూర్పు కొండల్లోని వారికి నాయకత్వం వహించిన నానీ అనే స్త్రీ బొమ్మను నేడు జమైకా 500 డాలర్ల నోటు మీద చూడవచ్చు.

దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్చివారి ఏలుబడిలో ఉన్న సురినామ్ దేశపు మెరూన్ల కథ వరి పండించే మన జిల్లాలవారు ప్రత్యేకంగా వినదగినది. తమ పూర్వికురాళ్లు తోటల నుండి పారిపోయేటప్పుడు జడల్లో వడ్లగింజలు దాచుకుని వచ్చి అడవిలో చల్లారని అక్కడి స్త్రీలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కొన్ని వరి రకాలను నేటికీ ఆ పూర్వికురాళ్ల పేర్లతోనే పిలుస్తారు. యుద్ధ నాయకుల పేర్లతో నిండిన చరిత్రలో ఈ ఆడవాళ్లకు చోటు తక్కువే దొరికింది, కాని గింజ లేనిదే ఏ యుద్ధమూ రెండో ఏడు దాకా సాగేది కాదు.

ప్రశ్న: తెల్లదొరలు ఈ పారిపోయినవారితో సంధులు చేసుకున్నారని విన్నాను. బలవంతుడు అలా ఎందుకు చేస్తాడు? ఆ సంధుల్లో ఏముంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: ఓడించలేకపోయాడు గనుకనే, మాస్టారూ. జమైకాలో ఇంగ్లీషువారు ఏళ్ల తరబడి పోరాడి, ఖర్చుకూ ప్రాణనష్టానికీ తాళలేక 1739లో కుడ్జో అనే నాయకునితో ఒప్పందానికి వచ్చారు. పడమటి కొండల మెరూన్లకు స్వేచ్ఛ, 1500 ఎకరాల భూమి, తమ తగవులను తామే తీర్చుకునే అధికారం దక్కాయి. తూర్పు కొండలవారితోనూ వెంటనే అలాంటి ఒప్పందమే కుదిరింది. సురినామ్‌లో డచ్చివారు 1760 అక్టోబరు 10న ఎన్‌జూకా తెగతోను, 1762లో సారమాకా తెగతోను సంధి చేసుకున్నారు. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1863లో. అంటే వీరు నూరేళ్లు ముందుగానే స్వతంత్రులన్నమాట.

అయితే ఈ సంధులకు ఒక ధర ఉంది, దానిని చెప్పకుండా వీరగాథ మాత్రమే వినిపించడం నాకు ఇష్టం లేదు. ఇకపై ఎవరైనా బానిస పారిపోయి వస్తే పట్టి అప్పగించాలనీ, తిరుగుబాట్లు జరిగితే ప్రభుత్వం పక్షాన పోరాడాలనీ ఆ కాగితాల్లో రాసి ఉంది. 1760లో జమైకా బానిసలు టాకీ నాయకత్వంలో తిరగబడినప్పుడు అతనిని కాల్చి చంపినవాడు ఒక మెరూనే. ఆ షరతుకు తల ఒగ్గకపోతే తమ పిల్లలు మళ్లీ తోటలకే పోవలసి వచ్చేదేమో గనుక, వారిని నిందించడం మనకు సులువే గాని న్యాయం కాదు. అంత చేసినా దొరలు మాట నిలుపుకోలేదు. 1795లో ట్రెలానీ టౌన్ మెరూన్లతో మళ్లీ యుద్ధం వచ్చినప్పుడు క్యూబా నుండి వేటకుక్కలను తెప్పించారు. దీవి నుండి వెళ్లగొట్టబోమన్న హామీ మీద లొంగిపోయినవారిని మరుసటి ఏడాదే కెనడాలోని నోవా స్కోషియా చలిలోకి ఓడల్లో పంపారు. అక్కడ తట్టుకోలేకపోయిన ఆ జనం 1800లో సియెర్రా లియోన్ చేరి, చివరికి ఆఫ్రికా నేల మీదే అడుగుపెట్టారు.

ప్రశ్న: వారి వారసులకు ఆ భూముల మీద హక్కు ఉందా? మా మండలంలో పోడు పట్టాల కోసం తిరుగుతున్నవారిని చూస్తూ అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, మందస

జవాబు: కాగితం మీద కొంత ఉంది. బ్రెజిల్ 1988 రాజ్యాంగం, కిలోంబోలు అనే ఆ పల్లెల వారసులకు వారు ఉంటున్న భూమి మీద శాశ్వత హక్కును గుర్తించి, పట్టాలు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2022 జనగణనలో తొలిసారిగా వీరిని విడిగా లెక్కిస్తే 13 లక్షలకు పైగా తేలారు. పట్టా ఉన్న నేలలో ఉంటున్నవారు వారిలో కొద్దిమందే. సురినామ్‌లో అల్యూమినియం కర్మాగారానికి కరెంటు కోసం 1960ల్లో కట్టిన అఫొబాకా ఆనకట్ట సారమాకా ఊళ్లను ముంచేసి, సుమారు 6000 మందిని నిరాశ్రయులను చేసింది. తరువాత వారి అడవిని కలప సంస్థలకు అప్పగించగా, సారమాకా ప్రజలు అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2007లో గెలిచారు. వారి నేలకు హద్దులు నిర్ణయించాలనీ, వారిని సంప్రదించకుండా అక్కడ పెద్ద పనులేవీ చేపట్టరాదనీ తీర్పు వచ్చింది.

మీ పోలిక కొంతవరకే నిలుస్తుంది. మన సవరలూ జాతాపులూ ఎక్కడి నుండో తరలివచ్చినవారు కారు, ఆ కొండలు వారివే. కాని ఏళ్ల తరబడి దున్నుకుంటున్న నేల తమదేనని ఆఫీసుల ముందు రుజువు చేసుకోవలసిన పరిస్థితి మాత్రం రెండు చోట్లా ఒకటే. మన 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నట్టు చూపమంటుంది. కిలోంబో వారసులు తమ ఊరి పుట్టుక నుండి చెప్పుకురావాలి.

ప్రశ్న: మా ముత్తాతల కాలంలో ఈ వైపు నుండి మారిషస్‌కు కూలీలుగా వెళ్లినవారున్నారని పెద్దలు చెప్పేవారు. అక్కడ కూడా ఇలాంటివారు ఉన్నారా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: ఉన్నారమ్మా. ఆ దీవి నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన లె మోర్న్ కొండ గుహల్లోను, శిఖరం మీదా పారిపోయిన బానిసలు తలదాచుకునేవారు. 2008లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. బానిసత్వం రద్దయిన 1835 ఫిబ్రవరి 1 తరువాత, ఆ వార్త చెప్పడానికి వచ్చిన పోలీసులను చూసి తమను పట్టుకోవడానికే వచ్చారనుకుని కొందరు కొండ మీద నుండి దూకేశారని అక్కడివారు చెప్పుకుంటారు. బానిసత్వం రద్దుతో ఖాళీ అయిన చెరకు తోటలను నింపడానికే మన వారిని తీసుకువెళ్లారు. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి వెళ్లిన తెలుగువారిలో నేటి మన ప్రాంతంవారు కూడా ఉన్నారు. గడువుకు ముందు తోట వదిలి వెళ్లిన ఒప్పంద కూలీలను కూడా అక్కడి చట్టం దేశదిమ్మరుల కింద జమకట్టి, పట్టుకుని జైలులో పెట్టేది.