పక్కింట్లో ఇరవై కుక్కలుంటే ఫిర్యాదు ఎలా రాయాలి?

హన్మకొండలో పక్కింటి పెద్దావిడ రెండు గదుల్లో ఇరవైకి పైగా కుక్కల్ని పెట్టుకుందని, ఠాణాకు పోతే కేసు కాదని పంపించేశారని అడిగారు. కేసవుతుంది. ముందు కాగితం మార్చి రాయండి.

కుక్కల లెక్క, అరుపులు, వాసన గురించి అందులో రాయకండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో ఇన్ని కుక్కలు దాటితే నేరమని ఎక్కడా లేదు. లెక్క రాస్తే ఇరుగుపొరుగు తగాదా అనుకుని పక్కన పడేస్తారు. సెక్షన్ 11(1)(హెచ్) ప్రకారం యజమాని సరిపడా తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. (జీ) ప్రకారం ఎప్పుడూ కట్టేసో మూసేసో ఉంచే కుక్కను తిప్పకపోవడం నేరం. కాబట్టి కంటికి కనిపించేదే రాయాలి. నీళ్ల గిన్నె పాచి పట్టి ఎండిపోయిందా? మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి చర్మం మందంగా, నల్లగా అయిందా? చెవి మడతల్లో గోమార్లు గుత్తులుగా ఉన్నాయా? ఎండిన మలం మీదే కొత్తది పడుతోందా? గుమ్మం దాకా వెళ్తేనే కళ్లు మండుతుంటే అది మూత్రం నుంచి లేచే అమ్మోనియా. నేల మీద పడుకునే కూనలు రాత్రింబవళ్లు దాన్నే పీలుస్తున్నాయి. ఫొటోలు మీ మేడ మీంచో రోడ్డు మీంచో తీయండి, తేదీ వేయండి. నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు కోర్టుకు చేరకపోతే సెక్షన్ 36 కింద అది చెల్లదు. చాలా ఫిర్యాదులు చచ్చేది ఇక్కడే.

ఇది నాన్ కాగ్నిజబుల్ (కోర్టు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం) కాబట్టి ఏమీ చేయలేమని ఎస్సై అంటే, ఈ క్లాజుల వరకు ఆ మాట నిజమే. కానీ సెక్షన్ 34 ఉంది. కానిస్టేబుల్ కంటే పైస్థాయి పోలీసు ఎవరైనా జంతువును స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేటు ముందో పశువైద్యాధికారి ముందో పరీక్షకు పెట్టవచ్చు. ఆ పేజీ ప్రింటు తీసి జతచేయండి. ఇంకో ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, పశుసంవర్ధక శాఖ డాక్టరుతో తనిఖీ నివేదిక కావాలని అడగండి. ఆ నివేదిక లేకుంటే కేసు నిలబడటం కష్టం. వాసన సంగతి మాత్రం వేరే కాగితం మీద, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 152 కింద ఆర్డీవోకు ఇవ్వండి.

జంతు హింస నిరోధక చట్టం కింద మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మార్చకపోవడం సిగ్గుచేటు. అందుకే జరిమానా మీద ఆశ పెట్టుకోకండి. శిక్ష పడ్డాక ఇక జంతువుల్ని ఉంచుకోకుండా నిషేధించమని సెక్షన్ 29 కింద కోర్టును అడగవచ్చు, అయితే అలా అడుగుతామని ఫిర్యాదులోనే రాసి ఉండాలి. దానికి మరికొన్ని షరతులున్నాయి, వకీలుకు చూపించండి.

ఒక్కరోజులో వ్యాను తెచ్చి అన్నింటినీ ఎత్తుకుపోవడం తప్పని నా గట్టి నమ్మకం. కిక్కిరిసిన షెల్టర్‌లో పార్వో (కుక్కల ప్రాణం తీసే వైరస్) సోకితే టీకా పడని కూనలు రోజుల్లోనే చనిపోతాయి. ముందు టీకాలు, విడివిడిగా ఉంచడం, ఆడవాటికి ఆపరేషన్లు. కుక్క ఈనడానికి రెండు నెలలు చాలు, ఒక్కదాన్ని వదిలేసినా ఇల్లు మళ్లీ నిండుతుంది. ఆపరేషన్ అయినవి రెండు మూడు ఆమె దగ్గరే ఉంచి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు ఆమెను చూపించండి. ఇలా జంతువుల్ని పోగుచేయడం జబ్బు. ఉన్నవన్నీ లాగేసుకుంటే ఆమె మళ్లీ మొదలుపెడుతుంది.

పెంచలేని కూనల్ని సంచిలో తెచ్చి ఆమె గేటు దగ్గర పెట్టి పోయేవాళ్లనూ వదలకండి. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 11(1)(ఐ) కింద నేరం. వీధి కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే తీసుకుని అదే ఫిర్యాదుకు జతచేయండి.